ఓవర్‌రైడ్ నాబ్ మీద చెయ్యి తియ్యి, అల్లుడూ

పాల్వంచ,
ఆదివారం

మేనల్లుడికి,

ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమం మాత్రం మీ అమ్మ నోటి మీదుగా వినాల్సి వస్తోంది. అది నాకు నచ్చలేదు.

నిన్న బూర్గంపాడు నుంచి ఫోన్ చేసింది. ముందు వానల సంగతి చెప్పింది, తర్వాత గోదావరి ఎంత ఉందో చెప్పింది, ఆ తర్వాత మిర్చి నారు సంగతి. అన్నీ అయ్యాక గొంతు తగ్గించి అసలు మాట బయటపెట్టింది. నువ్వు బాలానగర్‌లో కొలువు మానేసి వచ్చేస్తానంటున్నావట. సారపాకలో జెరాక్స్ షాపు పెట్టుకుంటావట. కట్టర్లు వరుసబెట్టి పోతున్నాయట, సూపర్‌వైజర్ నలుగురిలో నానా మాటలూ అన్నాడట, కట్టర్ ఖరీదు జీతంలో కోస్తానన్నాడట. "నేను నెమ్మదిగానే నడుపుతున్నానమ్మా, అయినా కాలిపోతున్నాయి" అని ఏడుపు గొంతుతో అన్నావట.

జెరాక్స్ షాపు మాటకి నేను భయపడలేదు. పాతికేళ్ళ వయసులో ప్రతివాడూ ఏదో ఒక షాపు పెడతానంటాడు. మీ నాన్న ఏం పెడతానన్నాడో మీ అమ్మని అడుగు, నవ్వుతుంది. నాకు నిద్ర పట్టనివ్వంది ఆ "నెమ్మదిగానే" అన్న ముక్క. రాత్రి లేచి లైటు వేసి నీ పాత మెసేజ్‌లు వెతికాను. మీ అత్తయ్య ఈ వయసులో ఇదేం చోద్యం అని విసుక్కుంది.

ఫోన్లోనే చెప్పొచ్చుగా అంటావు. లెక్క ఫోన్లో చెబితే ఊఁ ఊఁ అంటావు, పెట్టేశాక ఒక్క అంకె గుర్తుండదు. పైగా నా కుడి చెవి సంగతి నీకు తెలుసు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. చదివి, మడిచి, టూల్ బాక్సులో పెట్టుకో.

పోయిన నెల నువ్వు పంపిన ఫోటోని పెద్దది చేసి చూశాను. 12 మిల్లీమీటర్ల కార్బైడ్ ఎండ్ మిల్, నాలుగు పళ్ళు, 304 స్టెయిన్‌లెస్ జాబు, పక్క నుంచి 0.6 మిల్లీమీటర్ల కోత అని కింద నువ్వే రాశావు. కట్టర్ మూలలు నల్లబడ్డాయి. టేబుల్ మీద రాలినవాటిని చిప్స్ అనడానికి లేదు, అదంతా పొడి. ఫోటో చివరన మెషిన్ ప్యానెల్ కొంచెం పడింది. ఫీడ్ ఓవర్‌రైడ్ నాబ్ 30 శాతం దగ్గర ఉంది. నువ్వది చూపించాలనుకోలేదు, నాకు తెలుసు.

ఇంకోటి కూడా కనపడింది. నీ బొటనవేలికి కట్టు. దాని గురించి ఎవరికీ ఎందుకు చెప్పలేదు? చిప్స్‌ని చేత్తో తీశావా? బ్రష్ లేదా అక్కడ? లేకపోతే నీ డబ్బుతో ఒకటి కొనుక్కో. స్పిండిల్ తిరుగుతున్నప్పుడు గ్లవ్స్ మాత్రం వేసుకోకు. వేలు కోసుకుంటే మానుతుంది. గ్లవ్ చుట్టుకుంటే చెయ్యే పోతుంది. సరే, లెక్కలోకి వస్తాను.

ముందు నీ సూపర్‌వైజర్ ఇచ్చిన అంకె తప్పు కాదని చెప్పాలి. నీకు అతని మీద కోపం ఉంది కాబట్టి మరీ చెప్పాలి. కోటింగ్ ఉన్న కార్బైడ్‌తో 304ని కోయడానికి నిమిషానికి 80 మీటర్ల కటింగ్ స్పీడ్ తీసుకున్నాడు. 80ని 318తో గుణించి, కట్టర్ వ్యాసం 12తో భాగించు. 2120 వస్తుంది. అదీ స్పిండిల్ ఆర్‌పీఎం. వెయ్యిని పై విలువతో భాగిస్తే 318 వస్తుంది. మా కాలంలో కాలిక్యులేటర్లు లేవు, ఈ 318 మాత్రం ప్రతివాడికీ నోటికి వచ్చేది. తర్వాత అతను ఒక్కో పంటికి 0.05 మిల్లీమీటర్ల ఫీడ్ అనుకున్నాడు. 0.05ని నాలుగు పళ్ళతో గుణించి, 2120తో గుణిస్తే 424. నీ ప్రోగ్రామ్‌లో ఎఫ్ 424 అని ఉంది కదూ? నిమిషానికి 424 మిల్లీమీటర్లు. అక్కడిదాకా అంతా సవ్యమే.

అక్కడ నువ్వేం చేశావు? కోత శబ్దం విని గుండె దడదడలాడి నాబ్‌ని 30కి తిప్పావు. ఫీడ్ 127కి పడిపోయింది. స్పిండిల్ మాత్రం అదే 2120 తిరుగుతోంది. ఇప్పుడు పంటి వాటా ఎంతో కట్టు. 127ని నాలుగుతో భాగించి, మళ్ళీ 2120తో భాగిస్తే 0.015. ప్రతి పన్నూ ఒక చుట్టులో ముందుకు తినేది అంతే.

నిజానికి అంత కూడా లేదు. కట్టర్ వ్యాసంలో సగమో అంతకన్నా ఎక్కువో జాబులోకి దిగినప్పుడే చిప్ మందం పంటి ఫీడ్ దాకా వస్తుంది. నువ్వు 12 మిల్లీమీటర్ల కట్టర్‌తో పక్క నుంచి 0.6 మాత్రమే తీస్తున్నావు. అంటే వ్యాసంలో ఇరవయ్యో వంతు. పన్ను అలా తాకి ఇలా బయటపడుతుంది, చిప్ పల్చబడిపోతుంది. ఎంత పల్చబడుతుందో గుర్తుపెట్టుకోవడం తేలికే. కోత వ్యాసంలో 20 శాతమైతే చిప్ మందం పంటి ఫీడ్‌లో 0.8 వంతు, 10 శాతమైతే 0.6 వంతు, నీలాగా 5 శాతమైతే 0.44 వంతు. నీ 0.015ని 0.44తో గుణించు. ఆరున్నర మైక్రాన్లు!

కార్బైడ్ అంచు కంటికి కత్తిలా కనిపిస్తుంది. కోటింగ్ వేసిన అంచుని మైక్రోస్కోపు కింద పెడితే దానికీ కొన్ని మైక్రాన్ల గుండ్రం ఉంటుంది. చిప్ మందం ఆ గుండ్రం దాకా దిగిందంటే పన్ను లోహాన్ని కోయలేదు, నొక్కి పక్కకి తోస్తుంది. నాగలి కర్రు మట్టిలోకి దిగకుండా పైపైన గీకుతుంటే ఎడ్లకి ఆయాసం, కర్రుకి అరుగుదల, దుక్కి మాత్రం సున్నా. నువ్వు రెండు షిఫ్టులుగా చేస్తున్నది అదే, అల్లుడూ. రుద్దుతున్నావు. కోయడం లేదు.

అందులోనూ 304. ఈ స్టెయిన్‌లెస్‌కి ఒక గుణం ఉంది. రుద్దిన చోట గట్టిపడుతుంది. మొదటి పన్ను రుద్ది పోయిన పొరే రెండో పంటికి ఎదురవుతుంది, అది అంతకుముందు కన్నా గట్టిగా ఉంటుంది. అది కూడా రుద్ది ఇంకాస్త గట్టి చేసి మూడో పంటికి అప్పజెబుతుంది. పుట్టిన వేడి బయటికి పోవడానికి సరైన చిప్ లేదు కాబట్టి కట్టర్‌లోకీ జాబులోకీ పోతుంది. కట్టర్ కాలిందని నువ్వు ఇంకా నెమ్మది చేస్తావు. ఇంకా త్వరగా కాలుతుంది. "నెమ్మదిగానే నడుపుతున్నా, అయినా కాలిపోతోంది" అన్నావు చూడు, నెమ్మదిగా నడుపుతున్నావు కాబట్టే కాలిపోతోంది.

నేను అప్రెంటిస్‌గా చేరిన చోట ఒక ఫోర్‌మన్ ఉండేవాడు. మద్రాసు నుంచి వచ్చినాయన, తెలుగులో అరవం కలిపి మాట్లాడేవాడు. ఆయన జేబులో ఎప్పుడూ ఖాళీ అగ్గిపెట్టెలు ఉండేవి. ఏ మెషిన్ దగ్గరికి వచ్చినా ముందు మన మొహం చూసేవాడు కాదు, జాబు చూసేవాడు కాదు. ట్రేలోంచి ఒక చిప్ తీసి మైక్రోమీటర్‌లో పెట్టి కొలిచేవాడు. కొలిచి అగ్గిపెట్టెలో వేసుకుని, పైన పెన్సిల్‌తో ఆర్‌పీఎం, ఫీడ్, పళ్ళ లెక్క రాసుకునేవాడు. సాయంత్రం బల్ల మీద ఆ పెట్టెలన్నీ పరిచి ఒక్కొక్కణ్ణీ పిలిచేవాడు. "నీ పన్ను ఆకలితో ఉంది" అని మాత్రం అనేవాడు. తిట్టు అంతే. దానికే ఆ రాత్రి అన్నం సహించేది కాదు.

ఆయన దగ్గర నేర్చుకున్నవి హైస్పీడ్ స్టీల్ కట్టర్లు. 80 మిల్లీమీటర్ల కట్టర్, పది పళ్ళు, మైల్డ్ స్టీల్‌కి నిమిషానికి 25 మీటర్లు. 25ని 318తో గుణించి 80తో భాగిస్తే దాదాపు 99. మా మెషిన్ గేర్‌బాక్సులో 90 ఉంది, 112 ఉంది, మధ్యలో ఏమీ లేదు. ఎప్పుడూ కింది అంకే తీసుకోమనేవాడు. 90. పంటికి 0.1 చొప్పున, పది పళ్ళకి, నిమిషానికి 90 మిల్లీమీటర్ల ఫీడ్. ఈ లెక్కకి కాగితం అడిగితే ఒప్పుకునేవాడు కాదు. హైస్పీడ్ స్టీల్‌తో చిప్ నీలంగా వచ్చిందంటే మెషిన్ ఆపేవాడు, పళ్ళు మెత్తబడిపోతాయని. నీ కార్బైడ్‌కి ఆ నియమం లేదు. మామూలు ఉక్కు కోసేటప్పుడు చిప్ రంగు మారి వస్తే వేడి చిప్‌తో పోతోందని సంతోషించు.

ఆ రోజుల్లో సెకండ్ షిఫ్టు దిగి సైకిల్ మీద బూర్గంపాడు వెళ్ళేవాణ్ణి. ఇప్పుడున్న లైట్లు, లారీలు ఎక్కడివి. ఊరు దాటాక రెండు వైపులా అడవే. ఇప్పపూలు రాలే కాలం, రోడ్డంతా ఆ తీపి వాసన. ఒక రాత్రి మలుపు తిరిగేసరికి చెట్టు కింద ఎలుగుబంటి కూర్చుని తాపీగా పూలు ఏరుకుని తింటోంది. నేను సైకిల్ దిగలేదు, తొక్కలేదు, అలాగే నిలబడ్డాను. అది నా వైపు ఒకసారి చూసి మళ్ళీ తిండిలో పడింది. ఎంతసేపని నిలబడను? వెనక్కి తిరిగి వచ్చి తెల్లారేదాకా వర్క్‌షాపు వాచ్‌మన్ పక్కన పడుకున్నాను. పొద్దున్నే మీ అమ్మమ్మ మనిషిని పంపించింది, పిల్లాడు ఇంటికి రాలేదని. మీ అమ్మ అప్పుడు చిన్నపిల్ల. ఆ కథ ఇప్పటికీ మార్చి మార్చి చెబుతుంది, ప్రతిసారీ ఎలుగుబంటి కొంచెం పెద్దదవుతుంది. ఎందుకు మొదలుపెట్టానో మర్చిపోయాను. పంటి లెక్క దగ్గర ఉన్నాం కదా.

ఇదేదో మా ఫోర్‌మన్ ఛాదస్తం అనుకోకు. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ అని ఒక ఇంజనీరు, 26 ఏళ్ళ పాటు ఇదే పని మీద కూర్చున్నాడు. ఎనిమిది లక్షల పౌండ్ల ఇనుము, ఉక్కు చిప్స్‌గా మార్చాడు. 1906లో అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు ఆ ఫలితాలన్నీ చదివాడు. పనివాళ్ళ మీద గడియారం పెట్టి నిలబడిన మనిషిగా ఆయన్ని నేనంతగా ఇష్టపడను. కానీ లోహం కోత గురించి ఆయన చెప్పింది ఇప్పటికీ చెల్లుతుంది. కట్టర్ ఆయుష్షుని ముందుగా తినేసేది కటింగ్ స్పీడ్. ఫీడ్ ప్రభావం దానికన్నా తక్కువ. కార్బైడ్‌తో స్పీడ్‌ని 20 శాతం పెంచితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది, హైస్పీడ్ స్టీల్ అయితే పావు వంతుకి. కాబట్టి కట్టర్ కాలుతోందని భయమేస్తే ముందు తగ్గించాల్సింది ఆర్‌పీఎం. మీరంతా ఫీడ్ నాబ్ తిప్పుతారు, ఎందుకంటే అది చేతికి దగ్గరగా ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా చదువు. నీ ప్రోగ్రామ్ జి 94లో ఉంటే ఫీడ్ నిమిషానికి ఇన్ని మిల్లీమీటర్లని కట్టేసి ఉంటుంది. అప్పుడు స్పిండిల్ ఒక్కటే తగ్గిస్తే పంటి వాటా పెరుగుతుంది. 2120ని 1700 చేసి ఎఫ్ 424 అలాగే ఉంచితే పంటికి 0.062. నీ కేసులో అది మేలే. పూర్తి వెడల్పు స్లాట్ కోసేటప్పుడు అదే కట్టర్‌ని విరగ్గొట్టొచ్చు. జి 95లో ఉంటే ఫీడ్ స్పిండిల్‌తో పాటు తగ్గుతుంది, పంటి వాటా మారదు. నీ ప్రోగ్రామ్ మొదటి వరుసల్లో ఏది ఉందో రేపు వెళ్ళగానే చూడు.

ఇప్పుడు నువ్వు ఏం పెట్టాలో చెబుతాను. నీ కోత 5 శాతం కాబట్టి నిజమైన చిప్ 0.05 రావాలంటే 0.05ని 0.44తో భాగించాలి. పంటికి 0.115 దాకా వస్తుంది. నాలుగు పళ్ళు, 2120 ఆర్‌పీఎం, ఫీడ్ సుమారు 970. ఆ అంకె చూసి నీ గుండె ఆగుతుందని తెలుసు. ఒక్కసారిగా పెట్టమనడం లేదు. నాబ్ 100 దగ్గర పెట్టి 424తో మొదలుపెట్టు. చిప్ కొలువు, శబ్దం విను. 600 చెయ్యి. మళ్ళీ కొలువు. ఫినిష్ బాగున్నంత వరకు, కట్టర్ కూత పెట్టనంత వరకు ఎక్కు. సూపర్‌వైజర్‌కి చెప్పకుండా మాత్రం చేయకు. కంపెనీ ఇచ్చిన కట్టర్ కేటలాగ్ ఉంటుంది, అందులో పంటి ఫీడ్ పట్టిక తీసి పక్కన పెట్టుకుని మాట్లాడు. ఐటీఐలో నీకు వెస్టర్‌మన్ టేబుల్స్ పుస్తకం కొనిచ్చాను కదా, అది ఎక్కడుంది? అమ్మేశావా?

నాబ్ తిప్పే ముందు చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది కట్టర్ ఆట. డయల్ గేజ్ పెట్టి స్పిండిల్‌ని చేత్తో తిప్పి చూడు. కట్టర్ 0.02 ఆడుతోందనుకో, నీ పంటి ఫీడ్ 0.015 దగ్గర ఉంటే నాలుగు పళ్ళలో ఒకటో రెండో మొత్తం పని చేస్తాయి, మిగతావి గాలిలో తిరుగుతాయి. నువ్వు నాలుగు పళ్ళని లెక్కపెట్టావు, జాబు మాత్రం ఒకదాన్నే చూసింది. కొలెట్‌లో చిన్న చిప్ ఇరుక్కుంటే చాలు, అంత ఆట వస్తుంది. ప్రతిసారీ కొలెట్ తుడువు, నట్టు తుడువు, షాంక్ తుడువు. రెండోది కట్టర్ ఎంత బయటికి ఉందో. బయటికి ఉన్న పొడవు రెండింతలైతే వంగడం ఎనిమిదింతలు. ఫోటోలో నీ కట్టర్ అవసరానికి మించి బయటికే ఉందని నాకనిపించింది. నువ్వు విన్న ఆ భయంకర శబ్దం ఫీడ్ వల్ల వచ్చింది కాకపోవచ్చు, దానివల్లే కావొచ్చు.

మాతో ఒక కోయ కుర్రాడు పనిచేసేవాడు, దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చినవాడు. షాపు అవతలి చివర్లో నిలబడి, ఇవతల ఏ మెషిన్ మీద పన్ను రుద్దుతోందో చెప్పేవాడు. అడవిలో పుట్టాడు కాబట్టి చెవి అలాంటిది అని మావాళ్ళు తేలిగ్గా అనేసేవాళ్ళు. నాకు ఆ మాట ఎప్పుడూ ఒళ్ళు మండించేది. అతను వచ్చిన మొదటి ఏడాదంతా టీ బ్రేక్‌లో కూడా మెషిన్ పక్కనే కూర్చుని వినేవాడు. నేర్చుకున్న విద్యని పుట్టుకకి కట్టబెడితే నేర్చుకున్నవాడి కష్టం ఎవరు చూస్తారు? నీకూ ఆ చెవి వస్తుంది. రుద్దుడు శబ్దం సన్నగా, కీచుగా ఉంటుంది. కోత శబ్దం నిండుగా, ఒక్క తీరుగా ఉంటుంది. నువ్వు నిండు శబ్దాన్ని చూసి భయపడ్డావు.

మరొకటి. నీది బాల్ స్క్రూ ఉన్న వీఎంసీ మెషిన్ కాబట్టి కట్టర్ తిరిగే వైపుకే జాబు వెళ్ళేలా క్లైంబ్ మిల్లింగ్ చెయ్యి. అప్పుడు పన్ను మందంగా దిగి పల్చగా బయటికి వస్తుంది. ఎదురు కోతలో పన్ను సున్నా మందంతో మొదలవుతుంది, అంటే ముందు రుద్ది తర్వాతే కోస్తుంది. 304కి అది విషం. మా పాత మెషిన్లకి స్క్రూలో బ్యాక్‌లాష్ ఉండేది కాబట్టి మేం ఎదురు కోతే కోసేవాళ్ళం. ఎవడో తెలివిగా క్లైంబ్ కోస్తే కట్టర్ టేబుల్‌ని లోపలికి లాక్కుని ఆర్బర్ వంగిపోయింది ఒకసారి. మీ షాపులో పెద్దవాళ్ళెవరైనా ఎదురు కోతే సేఫ్ అని చెబితే అది ఆ మెషిన్ల మాట. విని, నవ్వి, ఊరుకో.

ఫీడ్ తగ్గించాల్సిన చోట్లు లేవని కాదు. లోపలి మూలల్లో కట్టర్ ఒక్కసారిగా ఎక్కువ లోహంలో కూరుకుపోతుంది, అక్కడ తగ్గించాలి. పల్చటి గోడ దగ్గర, పూర్తి వెడల్పు స్లాట్‌లో కూడా. గుండ్రటి రంధ్రాన్ని లోపల నుంచి తిప్పి కోసేటప్పుడు ఫీడ్ కట్టర్ మధ్యబిందువుకి ఉంటుంది, అంచు దానికన్నా వేగంగా వెళ్తుంది. 30 రంధ్రంలో 12 కట్టర్ అయితే మధ్యబిందువు ఫీడ్‌ని 0.6తో గుణించాలి. ఇవన్నీ ప్రోగ్రామ్‌లో రాయాల్సినవి. నాబ్‌తో చేసే పనులు కావు. నాబ్ ఉన్నది మొదటి జాబు నడిపేటప్పుడు చెయ్యి పెట్టుకోవడానికి. రెండో జాబు నుంచి అది 100 దగ్గరే ఉండాలి. దాని మీద చెయ్యి వేసి రోజంతా నిలబడేవాణ్ణి నేను మెషినిస్ట్ అనను. మూడోసారి రాస్తున్నానని విసుక్కోకు. నువ్వు 30 దగ్గర పెట్టావు నాయనా, 30!

అన్నం ఎక్కడ తింటున్నావు? మెస్‌లో అయితే రాత్రి షిఫ్టుకి ముందు పెరుగన్నం మానకు. అత్తయ్య మాగాయ, కందిపొడి కట్టి పెట్టింది. మన వీధి చివరి వాళ్ళబ్బాయి సికింద్రాబాద్ వస్తున్నాడు, భద్రాచలం రోడ్‌లో రైలెక్కుతాడు. స్టేషన్‌కి వెళ్ళి అతని దగ్గర తీసుకో. డబ్బులు కావాలంటే మీ అమ్మతో చెప్పకు, నాకు మెసేజ్ పెట్టు.

కట్టర్ డబ్బు జీతంలో కోస్తామన్న మాట. అది తప్పు. నీ నిర్లక్ష్యం వల్లే పోయిందని తేల్చకుండా, నీ సంజాయిషీ అడగకుండా జీతంలో కోయడానికి చట్టం ఒప్పుకోదు. గట్టిగా కాదు, మామూలు గొంతుతో అడుగు, ఏ లెక్క మీద కోస్తున్నారని. అడిగేముందు నీ లెక్క నీ దగ్గర ఉండాలి. అందుకే ఈ ఉత్తరమంతా.

ఇక మానేసి రావడం సంగతి. రావద్దని నేననను. ఇక్కడ మన ప్రాంతంలో మెషిన్ పని ఎందుకు పుట్టిందో నీకు చెప్పక్కర్లేదు. అడవి అంచున బొగ్గుంది, నీళ్ళున్నాయి, కలప ఉంది. సింగరేణి 1920 నుంచి కంపెనీగా ఉంది. పాల్వంచలో థర్మల్ స్టేషన్ మొదటి యూనిట్లు 1966, 67లో వచ్చాయి. 1979లో సారపాకలో పేపర్‌బోర్డ్స్ ఉత్పత్తి మొదలైంది, ఇప్పుడది ఐటీసీది. 1980లో పాల్వంచలోనే దేశంలో మొదటిసారి బొగ్గుతో స్పాంజ్ ఐరన్ తయారైంది. ఇలాంటి ఫ్యాక్టరీలకి షాఫ్టులు అరుగుతాయి, గేర్ల పళ్ళు పోతాయి, కీవేలు పాడవుతాయి. ఆ పనుల్లో చాలావరకు ఇప్పటికీ హైదరాబాద్ లారీ ఎక్కి వెళ్ళి తిరిగొస్తున్నాయి. నువ్వు ఇంకో మూడు నాలుగేళ్ళు అక్కడ ఉండి, చేతిలో పని పట్టుకుని ఒక మెషిన్‌తో వస్తే మా ఇంటి వెనక ఖాళీ స్థలం ఉంది, షెడ్డు నేను వేయిస్తాను. వీలైతే సెలవు రోజుల్లో బాలానగర్‌లోనే ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌కి వెళ్ళి కనుక్కో, 1968 నుంచి ఉంది అది. షార్ట్ కోర్సులు ఏమున్నాయో అడుగు. ఫీజు నాది. జెరాక్స్ మెషిన్ అంటే మాత్రం నా స్థలం ఇవ్వను, ఇది మీ అమ్మకి కూడా చెప్పాను. ఇంకా గుర్రుగానే ఉంది నా మీద.

గోదావరికి మొదటి హెచ్చరిక 43 అడుగులకి, అక్కడిదాకా ఇంకా రాలేదు. వస్తే మీ అమ్మని నేనే వెళ్ళి తీసుకొస్తాను. 2022 వరదలో చేసినట్టు సామాను కోసం ఆగనివ్వను. ఆ దిగులు నువ్వు పెట్టుకోకు.

జవాబులో మూడు అంకెలు రాయి. డయల్ గేజ్ మీద కట్టర్ ఎంత ఆడింది, కొలెట్ నుంచి ఎంత బయటికి ఉంది, నాబ్ 100 దగ్గర పెట్టి ఎఫ్ ఎంత నడిపావు. మిగతా కబుర్లు తర్వాత. ఆ అంకెలు నా చేతికి వచ్చేదాకా రాజీనామా కాగితం ఇవ్వొద్దు. ఇచ్చేసి ఉంటే సోమవారం పొద్దున్నే వెళ్ళి వెనక్కి అడిగి తీసుకో.

ఆశీస్సులతో,
మామయ్య